నా పేరు చెప్పి కట్టిన గోడ

సముద్రం ఇల్లు,
సోమవారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నమస్కారం. ఫోను చేద్దామనుకున్నాను. కానీ నేను రెండు ముక్కలు అనగానే నువ్వు "సరేలే, తర్వాత చూద్దాం" అని పెట్టేస్తావు. అందుకని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

మేం శనివారం సాయంత్రం చేరాం. పిల్లలిద్దరూ సామాన్లు దించనైనా దించకుండా, చెప్పులు కారులోనే వదిలేసి, ఇంటి పక్క దారిలో సముద్రానికి పరుగెత్తారు. వాళ్ళు అలా వెళ్తే చీకటి పడేదాకా ఇల్లు గుర్తుండదు కదా. నేను కిటికీలు తీస్తున్నాను, ఆయన పరుపులు దులుపుతున్నారు. ఇంతలోనే వెనక్కి వచ్చేశారు.

"అమ్మా, సముద్రం మూసేశారు" అంది చిన్నది.

నవ్వొచ్చింది నాకు. వెళ్ళి చూశాక నవ్వు పోయింది. మన దారికి అడ్డంగా గోడ. నా తలకంటే ఎత్తు. పైన వరసగా గాజుపెంకులు. మధ్యలో ఇనుప గేటు, దానికి కొబ్బరికాయంత తాళం. గేటు సందులోంచి చూస్తే ఇసకదిబ్బ ఉండాల్సిన చోట పచ్చగడ్డి, గొడుగులు, గొడుగుల కింద మెత్తటి కుర్చీలు. పక్కన హోటలు కడుతున్నారని నువ్వు చెప్పావు. నాన్న ఈ ఇల్లు కట్టినప్పుడు మన ప్రహరీని లోపలికి జరిపి మరీ వదిలిన దారిని ఆ హోటలువాళ్ళు మింగేశారని చెప్పలేదు. ఊళ్ళోంచి రేవుకి ఉన్న దారి అదొక్కటే. చేపల బుట్టలు అటే రావాలి, బడిపిల్లలు అటే పోవాలి. ఇప్పుడు అందరూ కొండరాళ్ళ మీదుగా చుట్టూ తిరిగి పోతున్నారు. అలలు ఎగసినప్పుడు ఆ రాళ్ళు సగం నీళ్ళలో ఉంటాయి, నీకూ తెలుసు.

సరే, ఇది ఊరంతటి బాధ అనుకుని నిన్న దీవికి బయలుదేరాం. ఏటా మొదటి ఆదివారం దీవికి వెళ్ళడం పిల్లలకి అలవాటు. ఆయన బుట్ట భుజానికి తగిలించుకున్నారు, నేను చిన్నదాని చెయ్యి పట్టుకున్నాను, పాకుతూ జారుతూ ఆ రాళ్ళు దాటి రేవుకి చేరాం. పడవక్క పడవ దగ్గరే ఉంది. మనల్ని చిన్నప్పుడు వాళ్ళ నాన్న పడవలో దాటించేటప్పుడు తెడ్డు పట్టుకుని కూర్చునే పిల్ల, ఇప్పుడు మోటారు పడవ తనే నడుపుతోంది. నన్ను చూస్తే నవ్వే మనిషి. నిన్న నవ్వలేదు. పిల్లలు ఎక్కి కూర్చున్నాక నా ముందు చెయ్యి అడ్డం పెట్టింది.

"పిల్లల్ని దించుకోండి" అంది.

"ఏం, పడవ నిండిందా?"

"నిండలేదు. మీ ఇంటివాళ్ళకి చోటు లేదు."

పడవలో ఉన్నవాళ్ళంతా మా వైపే చూస్తున్నారు. నాకు ఏమీ అర్థం కాలేదు. మేం ఏం చేశామని అడిగాను.

"ఏం చేశారా? గోడ కట్టించింది మీరే కదండీ. మీ అన్నగారు ఊరందరి ముందూ చెప్పారు. మా చెల్లెలికి ఇద్దరు ఆడపిల్లలు, సెలవులకి వస్తే ఇంటి పక్కనుంచి ఎవరెవరో తిరుగుతుంటారని భయపడుతోంది, తనే అడిగింది, తనకోసమే ఒప్పుకుంటున్నాను అని. ఆ ఎవరెవరో అంటే మేమే కదా."

నేను అడిగానా అన్నయ్యా? ఎప్పుడు అడిగాను? ఆ మనుషులంటే భయమని నేను ఎవరితో అన్నాను? పెద్దది ఈత నేర్చుకుంది పడవక్క దగ్గర. అలాంటిది పిల్లల్ని ఒక్కొక్కర్నీ పడవలోంచి దించి, అంతమంది చూస్తుండగా ఆ రాళ్ళ మీద మళ్ళీ నడిచి వచ్చాను. పెద్దది దారంతా నాతో మాట్లాడలేదు. నేనే ఆ గోడ కట్టించానని అది నమ్మేసింది.

దీనికి నువ్వు సమాధానం చెప్పాలి. తర్వాత చూద్దాం అనకు.

నీ చెల్లెలు


మా ఫ్లాటు,
శుక్రవారం

చి.సౌ. చెల్లాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మీ వదిన కూడా చదివింది. నువ్వు చిన్నప్పట్నుంచీ ఇంతే, గోరంతని కొండంత చేసుకుని ముందు నువ్వు బాధపడతావు, తర్వాత అందర్నీ బాధపెడతావు. కాసేపు నింపాదిగా ఆలోచించు.

ఆ దారి ఎలా ఉండేదో మర్చిపోయావా? ప్లాస్టిక్ సంచులు, ఖాళీ సీసాలు, చేపల పొలుసులు. మన గోడకి ఆనుకుని సైకిళ్ళు, మన గట్టు మీద వలలు. ఎవరైనా ఒక్కమాట అడిగారా మనల్ని? హోటలాయన అలాంటి మనిషి కాదు. స్వయంగా మా ఫ్లాటుకి వచ్చాడు. వచ్చి, "ఆ ఇంటికి పెద్ద మీరే, మీరు సరేనంటేనే ముందుకెళ్తాను" అన్నాడు. అదీ సంస్కారమంటే. ప్రారంభోత్సవానికి నాకోసం ప్రత్యేకంగా కారు పంపాడు. వేదిక మీద తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుని "మా మేనేజరుగారు" అని అందరికీ పరిచయం చేశాడు. రిటైరయ్యేదాకా బ్యాంకులో మేనేజరుగా అన్నేళ్ళు చేసినా నాకు మైకులో అంత మర్యాద జరగలేదు.

ఇక మనకి దారి లేకుండా పోలేదు. మన కుటుంబానికి విడిగా కార్డులిచ్చారు. వంటగది అలమరలో పై అరలో పెట్టాను. అవి చూపిస్తే హోటలు గడ్డిలోంచి హాయిగా నడిచి వెళ్ళొచ్చు. కాళ్ళకి ఇసక కూడా అంటదు.

నీ పేరు సంగతంటావా, అది మాటవరసకి అన్నది. ఊళ్ళోవాళ్ళు నలుగురూ చుట్టూ చేరి గట్టిగా అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆడపిల్లల తల్లి అడిగిందంటే ఎవరూ ఎదురు చెప్పరని అన్నాను. దానికింత రాద్ధాంతం అక్కర్లేదు. పడవ నడిపే మనిషి ఏదో అందని సొంత అన్నని నిలదీస్తావా? ఆమె తీసుకెళ్ళకపోతే దీపస్తంభానికి వెళ్ళండి. పైకెక్కితే పిల్లలకి సరదాగా ఉంటుంది.

వెనక గది పరుపు ఎండలో వెయ్యడం మర్చిపోకు. బావగారిని అడిగానని చెప్పు.

మీ అన్నయ్య


సముద్రం ఇల్లు,
గురువారం

అన్నయ్యకి,

నువ్వు చెప్పినట్టే దీపస్తంభానికి వెళ్ళాం. సరదాగా ఉందో లేదో చెప్తాను విను.

లోపల మెట్లు సన్నగా, గుండ్రంగా. చిన్నది ఆయన మెడ పట్టుకుని వేలాడింది. పైన గాలికి నా జడ విడిపోయింది. అక్కణ్ణుంచి ఊరంతా కనిపిస్తుంది, మనిల్లు అగ్గిపెట్టెంత. కావలి మనిషి పెద్దదానికి దూరదర్శిని ఇచ్చాడు. అది చాలాసేపు కళ్ళకి పెట్టుకుని, "అమ్మా, అక్కడ చీమలబారులా ఏంటి?" అని నాకిచ్చింది. చూశాను. ఊరు నుంచి రేవుకి మనుషులు. తలమీద బుట్టలు, చంకలో పిల్లలు. మనింటి దాకా తిన్నగా వస్తున్నారు, గోడ దగ్గర పక్కకి తిరుగుతున్నారు, కొండరాళ్ళ మీద ఒకరి వెనక ఒకరు. గోడకి అవతల పచ్చగడ్డి మీద ఒక్క మనిషి లేడు. అన్ని గొడుగులూ ఖాళీ. ఒక తోటమాలి మాత్రం గొట్టంతో నీళ్ళు కొడుతున్నాడు.

పెద్దది నన్ను అడిగింది, "మామయ్య ఇది చూశాడా?" అని. లేదన్నాను. నువ్వు చూడలేదనే నమ్ముతున్నాను. చూసి ఉంటే అలాంటి ఉత్తరం రాయలేవు.

నీ కార్డులు అలమరలోనే ఉన్నాయి. నేను వాటిని ముట్టుకోను. నా పక్కనుంచి వాళ్ళు రాళ్ళ మీద పోతుంటే నేను కార్డు చూపించి గడ్డి మీద నడవాలా? అది మర్యాద అని నీకెవరు చెప్పారు?

ఇంకో సంగతి. నిన్న పొద్దున పడవక్క వాళ్ళ నాన్న పడిపోయాడు. మనల్ని దాటించిన ఆ పెద్దాయనే, ఇప్పుడు పడవ మానేసి రేవు దగ్గర కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. చేతిలో దారపుండతో రాళ్ళ మీద నడుస్తూ జారాడు. కేకలు వినపడి మేం పరుగెత్తాం. నలుగురు కలిసి మంచం మీద మోసుకొచ్చారు. గేటు తీయండి, దగ్గర దారిన రోడ్డు మీదికి తీసుకొస్తాం అని తోటమాలిని బతిమాలారు. అతని దగ్గర తాళంచెవి లేదు. ఆ మంచం అంత దూరమూ చుట్టూ తిరిగి వచ్చింది. మా కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తుంటి ఎముక విరిగింది. మళ్ళీ నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. పడవక్క వెనక సీట్లో తండ్రి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈ గోడ నేను అడగలేదమ్మా, మా అన్న అబద్ధం చెప్పాడు అని ఆ మనిషి మూలుగుతుంటే చెప్పనా?

ఇవాళ తెల్లవారేసరికి గేటు తాళం పగలగొట్టి ఉంది. ఎవరు కొట్టారో నాకు తెలీదు. నాకు బాధ మాత్రం కలగలేదు.

ఇల్లు ఇద్దరి పేరునా ఉంది. ఆ దారి మన స్థలం. నేను ఒప్పుకోలేదని మున్సిపల్ ఆఫీసులో చెప్పడానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయినా నీకు ఒక అవకాశం ఇస్తున్నాను. నేను వెళ్ళేలోపు నువ్వే వెళ్ళి, అన్న మాట వెనక్కి తీసుకో. అన్నాచెల్లెళ్ళ గొడవగా నలుగురి నోళ్ళలో పడకుండా పోతుంది.

నీ చెల్లెలు


మా ఫ్లాటు,
సోమవారం

శ్రీమతి చెల్లెలుగారికి,

అవకాశం ఇస్తున్నావా? చాలా సంతోషం. ఇన్నాళ్ళకి నాకు అవకాశాలిచ్చేంత పెద్దదానివయ్యావు.

ఆ ఇంటికి నువ్వు వెళ్ళేది సెలవులకి. నేను వెళ్ళేది తలుపులకి చెదలు పట్టినప్పుడు, గాలివానకి పెంకులు లేచిపోయినప్పుడు, మోటారు కాలిపోయినప్పుడు. నీకు ఆ ఇల్లంటే ఇసక, ఈత, దీవి. నాకు ఆ ఇల్లంటే నిచ్చెన. నువ్వు ఎప్పుడైనా ఆ పెంకుల మీదికెక్కావా? ఉప్పుగాలికి కిటికీ ఊచలు ఏటా తుప్పు పడతాయనీ, ఏటా ఎవరో రంగు వేయిస్తేనే నువ్వు వచ్చేసరికి తళతళలాడుతున్నాయనీ నీకు తెలుసా? ఎన్నడూ నీకు చెప్పుకోలేదు. ఇప్పుడు చెప్పించుకుంటున్నావు.

పెద్దాయన పడ్డందుకు నాకూ బాధగానే ఉంది. కానీ వయసు మీద పడినవాళ్ళు ఇంట్లోనూ పడతారు. అన్నిటికీ గోడనే కారణం చెయ్యకు. తాళం పగలగొట్టారని హోటలాయన ఎంత నొచ్చుకున్నాడో తెలుసా? ఇక గేటు దగ్గర ఎవరో ఒకర్ని ఉంచాలేమో అన్నాడు. నువ్వు వాళ్ళని ఎగదొయ్యలేదు కదా?

ఇంకో మాట. ఇది వాడు చేరాక తీరిగ్గా చెబుదామనుకున్నాను. మావాడు చంటికి ఆ హోటల్లో ఉద్యోగం ఇచ్చారు. అసిస్టెంటు మేనేజరు. వచ్చేవారమే చేరుతున్నాడు. అవును, హోటలాయనే ఇచ్చాడు. అవును, నేను అడిగాను. తప్పా? చదువు అయ్యాక వాడు ఎన్ని గుమ్మాలెక్కి దిగాడో నీకు తెలియదు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళడం, సాయంత్రం నా మొహం చూడకుండా గదిలోకి పోవడం. మీ వదిన వాడి కంచం దగ్గర కూర్చుని ఏడ్చేది. ఇప్పుడు ఇంట్లో రెండో మేనేజరు వచ్చాడని ఆమె నవ్వుతోంది.

నా సంగతి కూడా చెప్పేస్తాను, నీకు ఎలాగూ లోకువయ్యాను. గోడ మాట రాకముందు ఒకసారి నా బ్యాంకుకే వెళ్ళాను. నేను కూర్చున్న గదిలోనే కూర్చున్న కొత్త కుర్రాడు నన్ను చూసి, టోకెను తీసుకుని వరసలో కూర్చోమన్నాడు. నా పేరు కూడా అడగలేదు. అలాంటి రోజుల్లో ఒక పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చి "మేనేజరుగారూ" అని పిలిచాడు. నువ్వు ఎలా అనుకుంటే అలా అనుకో.

నువ్వు ఆఫీసుకి వెళ్తే నీ మేనల్లుడి ఉద్యోగం పోతుంది. ఊళ్ళోవాళ్ళు ముఖ్యమో, వాడు ముఖ్యమో నువ్వే తేల్చుకో.

అన్నయ్య


సముద్రం ఇల్లు,
సెలవుల చివరి ఆదివారం

అన్నయ్యకి,

నీ చివరి మాట నన్ను బాగానే కట్టిపడేసింది. ఆయన ఆఫీసుకి తీసుకెళ్తానని రెండుసార్లు కారు తీశారు, రెండుసార్లూ నేనే వద్దన్నాను. నీకు అది తెలుసు. అందుకే ఆ మాట చివర్లో పెట్టావు.

నిచ్చెన సంగతి నిజమే. పెంకుల మీదికి నేనెప్పుడూ ఎక్కలేదు. అడిగి ఉంటే ఎక్కేదాన్ని. కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకుంటూ నేనూ ఊరికే కూర్చోలేదు, అయినా ఆ విషయంలో నీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ అన్నయ్యా, ఇంటికి రంగు వేయించినందుకు నా పేరు మీద అబద్ధం చెప్పే హక్కు వస్తుందా? రెండూ కలిపి ఒకే ఉత్తరంలో రాస్తే ఒకదానికొకటి సరిపోతాయనుకున్నావా?

చంటి చేరాడు, హోటలువాళ్ళిచ్చిన గదిలో ఉంటున్నాడు. రోజూ చూస్తున్నాను. మూడోరోజు వాడే ఇంటికొచ్చాడు. వంటగది గట్టు మీద కూర్చుని టీ తాగాడు, రెండో గ్లాసు అడిగాడు. తర్వాత ఒక సంగతి చెప్పాడు. నీకు చెప్పనని నాతో మాట తీసుకున్నాడు. చెప్పను. ఆ మాట విన్న తర్వాత మాత్రం నాకు సందేహం మిగల్లేదు. "అత్తా, నాకోసమే ఆగుతున్నావా? ఆగకు" అన్నాడు. మర్నాడే ఆఫీసుకి వెళ్ళాను. ఈ గోడ నేను అడగలేదు, ఒప్పుకోలేదు, నా పేరు వాడుకున్నారు అని చెప్పి వచ్చాను. అక్కడి గుమాస్తా చాలా మర్యాదగా, మీ అన్నగారు ఒప్పుకున్నారు కదండీ, మీలో మీరు తేల్చుకుని రండి అన్నాడు. అంటే నీ మాట ఉన్నంతకాలం గోడ ఉంటుంది.

వలల పెద్దాయన ఆసుపత్రి నుంచి వాళ్ళింటికి వచ్చాడు. మంచం దిగలేదు ఇంకా. పడవక్క నిన్న పిల్లలిద్దర్నీ దీవికి తీసుకెళ్ళి తీసుకొచ్చింది. నన్ను పిలవలేదు. ఆఫీసుకి వెళ్ళావని విన్నాను అంది, అంతే. ఆ మాత్రానికే పెద్దది మళ్ళీ నాతో మాట్లాడుతోంది.

రేపు మేం బయల్దేరుతున్నాం. నిన్ను ఒక్కటే అడుగుతున్నాను. ఒకసారి రా. హోటలాయనకి చెప్పకు, కారు పంపమనకు, చంటికి కూడా చెప్పకు. ఇంటికి రాకముందే బస్సు దిగి, ఊళ్ళోంచి, బుట్టలవాళ్ళు నడిచే దారిన, వాళ్ళు నడిచే వేళకి గేటు దాకా నడిచి రా. ఆ తర్వాత కూడా నేను గోరంతని కొండంత చేశాననిపిస్తే రాయి. ఇంకెప్పుడూ ఈ ఊసెత్తను.

నీ చెల్లెలు


సముద్రం ఇల్లు,
వానలు మొదలయ్యాయి

చెల్లాయికి,

చాలా రోజులు రాయలేదు. రాయడానికి మొహం చెల్లలేదు.

నువ్వు చెప్పినట్టు వెంటనే రాలేదు. నీ మీద పంతం. మీ వదిన రోజూ అడిగేది, వెళ్ళి వాడి ఆఫీసు గది చూసి రావచ్చు కదా అని. చివరికి ఆ గది చూద్దామనే బయల్దేరాను, నీకోసం కాదు. కానీ బస్సు దిగాక ఎందుకో నీ మాట గుర్తొచ్చి ఊళ్ళోంచే నడిచాను. నా ముందు చేపల బుట్టలతో నలుగురైదుగురు ఆడవాళ్ళు. ఎవరూ నన్ను పలకరించలేదు.

గేటు దగ్గర హోటలు టోపీ పెట్టుకుని, మెడలో ఈల వేసుకుని ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ముందున్న పెద్దావిడతో అంటున్నాడు, "పిన్నీ, నన్ను ఇబ్బంది పెట్టకండి. వెనక్కి తిరగండి. మీ కాళ్ళు పట్టుకుంటాను." ఆవిడ బుట్ట సర్దుకుని రాళ్ళవైపు తిరిగింది. గొంతు పోల్చుకునేసరికి నా వంతు వచ్చేసింది.

చంటి నన్ను చూశాడు. టోపీ తియ్యబోయి తియ్యలేదు.

"కార్డు తెచ్చారా నాన్నా?" అన్నాడు.

"లేదు" అన్నాను.

"అయితే మిమ్మల్నీ పంపకూడదు."

వాడి గొంతులో కోపం లేదు చెల్లాయ్. ఉంటే బాగుండేది. రోజూ అందరితో చెప్పే మాట నాతోనూ చెప్పాడు. నేను అసిస్టెంటు మేనేజరు సంగతేమైందని అడగలేదు. కళ్ళెదుటే ఉంది కదా. నా వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారు, వాళ్ళకి అడ్డం తొలగి రాళ్ళవైపు నడిచాను. మధ్యలో కాలు జారి ఆగిపోతే, వాడు వెనక్కి పంపిన ఆవిడే బుట్ట కింద పెట్టి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది. అవతలిదాకా దిగబెట్టింది. నేనెవరో ఆవిడకి తెలుసు.

అటునుంచి అటే హోటలుకి వెళ్ళాను. చల్లటి గదిలో సోఫాలో కూర్చోబెట్టారు. కూర్చున్నాను, కూర్చున్నాను. లోపల ఆయన నవ్వు వినపడుతూనే ఉంది. చివరికి బయటికి వచ్చి, నన్ను చూసి, పక్కనున్న అమ్మాయిని అడిగాడు, "ఎవరమ్మా?" అని. ఆ అమ్మాయి, "గేటు దగ్గర అబ్బాయి నాన్నగారండీ" అంది. అప్పుడు గుర్తొచ్చాను ఆయనకి.

"మా వాడికి మేనేజరు ఉద్యోగమన్నారు" అన్నాను.

"ముందు అనుభవం రావాలి కదండీ. పైగా గేటుకి మీవాడే సరైన మనిషి. ఇంకెవర్ని పెట్టినా ఊళ్ళోవాళ్ళు చెయ్యి చేసుకుంటారు. వాడు మీ ఇంటి పిల్లాడు, చిన్నప్పట్నుంచీ చూసినవాడు. వాడి మీద రాయి వెయ్యరు" అన్నాడు. ఎంతో తెలివైన ఏర్పాటు చేసినట్టు నవ్వాడు. నేను కూడా మెచ్చుకుంటాననుకున్నాడు కాబోలు.

అన్నేళ్ళు బ్యాంకులో మనుషుల మొహాలు చూసి అప్పులిచ్చినవాణ్ణి. ఈ మనిషి మొహం మాత్రం చదవలేకపోయాను. నా కొడుకుని జీతానికి తీసుకోలేదు చెల్లాయ్, గోడకి ముందు ఇంకో గోడగా నిలబెట్టాడు. ఇటుకలు సరిపోక నా పిల్లాణ్ణి పెట్టాడు. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను.

ఆ మధ్యాహ్నమే మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. మా చెల్లెలు ఏనాడూ అడగలేదు, ఆమె పేరు చెప్పి నేను అబద్ధమాడాను, నా ఒప్పుదల కూడా వెనక్కి తీసుకుంటున్నాను అని అందరికీ వినపడేలా చెప్పాను. ఆ గుమాస్తా పెన్ను ఆపి నా మొహం చూశాడు. చూడనీ అనుకున్నాను. ఆ తర్వాత కూడా తెగలేదు. కొలతలకి రావడానికి తాత్సారం, వచ్చాక హోటలు లాయరు, లాయరు తర్వాత పెద్దవాళ్ళ ఫోన్లు. ఆఫీసు మెట్లెక్కి దిగడమే పనిగా పెట్టుకున్నాను. గోడ మన స్థలంలోనే ఉందని తేలింది. మొన్న బుధవారం మేస్త్రిని పిలిపించి, పక్కనే నిలబడి పడగొట్టించాను. గాజుపెంకులు ఏరడానికే ఒక పూట పట్టింది. ఆడవాళ్ళు మేం ఏరుతామంటే వద్దన్నాను. హోటలాయన కేసు వేస్తానన్నాడు. వేసుకోమన్నాను.

నేను ఆఫీసుకి వెళ్ళిన రోజే చంటిని పనిలోంచి తీసేశారు. వాడు హోటలు గదిలోంచి సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడున్నాడో వాళ్ళమ్మకీ చెప్పలేదు, బాగానే ఉన్నానని మాత్రం ఫోను చేస్తున్నాడు. నేను తీసుకుంటే పెట్టేస్తున్నాడు.

నీ పేరు అలా వాడుకోవడం తప్పు. నిన్ను పిల్లల ముందు, ఊరి ముందు దోషిని చేశాను. క్షమించమని అడుగుతున్నాను. చంటికి కూడా ఇదంతా వివరంగా ఒక ఉత్తరం రాసిపెట్టాను. వాడి చిరునామా నీకేమైనా తెలిస్తే పంపుతాను.

మీ అన్నయ్య


దుకాణం,
మంగళవారం

అన్నయ్యకి,

గోడ పడిందని పడవక్క నీకంటే ముందే ఫోను చేసి చెప్పింది. పిల్లలు గంతులేశారు. నేను దుకాణంలో వచ్చినవాళ్ళ ముందే కళ్ళు తుడుచుకున్నాను.

అయినా నాకు నీ మీద కోపం పోలేదు. నా పేరు సంగతి కాదు. అది నువ్వు అడిగావు, నేను మన్నించాను, ఇక దాన్ని వదిలెయ్. ఇది వేరే కోపం. చంటి నా దగ్గరే ఉన్నాడు. ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నాడు. పొద్దున దుకాణం తెరుస్తాడు, అద్దాలు తుడుస్తాడు, ముసలివాళ్ళకి జోడు పెట్టి చెవుల వెనక సరిచేస్తాడు. వాడి చెయ్యి మెత్తన. వాడున్నప్పుడు వచ్చినవాళ్ళు మళ్ళీ వాడికోసమే వస్తున్నారు.

ఆ రోజు వంటగదిలో వాడు నాకు చెప్పి, నీకు చెప్పొద్దన్న సంగతి ఇప్పుడు చెప్తాను. ఇక దాచాల్సిందేమీ లేదన్నాడు. గేటు దగ్గర నిలబెట్టారని మాత్రమే కాదు. మొదటిరోజు సాయంత్రమే నీకు చెప్పి మానేద్దామని ఫోను చేశాడట. నువ్వు ఫోను ఎత్తుతూనే, "ఏం మేనేజరుగారూ, సీటు మెత్తగా ఉందా?" అన్నావట. పక్కనుంచి వదిన నవ్వు వినపడిందట. వాడు "ఉంది నాన్నా" అన్నాడు. మర్నాడూ అలాగే అన్నావు. రోజూ అలాగే అన్నావు. రోజూ వాడు ఉంది నాన్నా అంటూ, పొద్దున్నే వెళ్ళి ఆ ఈల మెడలో వేసుకున్నాడు. వాడు ఏం చేస్తున్నాడో, ఏం తిన్నాడో ఒక్కరోజు కూడా అడగలేదా నువ్వు?

నువ్వు వాడికి రాసిన ఉత్తరం పంపకు. ఎంత బాగా రాసినా పంపకు. ఊరందరి ముందూ, ఆఫీసులో అందరి ముందూ నోరు విప్పి చెప్పగలిగినవాడివి, వాడి ఎదురుగా కూర్చుని చెప్పలేవా? బస్సెక్కితే పూట ప్రయాణం. వదినని కూడా తీసుకురా.

నీకు రాస్తున్నానని వాడితో అన్నాను. వాడు చేతిలో ఉన్న జోడు తుడుస్తూనే, తలెత్తకుండా, "నాన్న రారు అత్తా. ఇంకో ఉత్తరం రాస్తారు" అన్నాడు.

వాడి మాట అబద్ధం చెయ్యి.

నీ చెల్లెలు